మూడు పేజీల్లో మూడు రకాల ఇన్‌స్టాలేషన్ షరతులు: దేన్ని నమ్మాలి?

#1 సున్నానుంచి

అందరికీ నమస్కారం. ఈమధ్యే ఒక కంపైల్డ్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టాను. పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే చర్చంతా ఆ భాష మంచిదా కాదా అన్న వైపు పోతుంది. నాకు కావాల్సింది ఇన్‌స్టాలేషన్ షరతుల మీద స్పష్టత.

దాని అధికారిక డాక్యుమెంటేషన్‌లో ఇలా ఉంది.

"మొదటి అడుగులు" పేజీ: లినక్స్‌లో ముందుగా ఏమీ అక్కర్లేదు, ఆర్కైవ్ దించుకుని విప్పి పాత్‌లో పెట్టుకుంటే చాలు.

డౌన్‌లోడ్ పేజీలో పట్టిక కింద: జీలిబ్‌సీ (లినక్స్‌లో ప్రోగ్రామ్‌లు వాడుకునే ప్రాథమిక సీ లైబ్రరీ) 2.28 లేదా ఆపై వెర్షన్ ఉండాలి.

రిపాజిటరీలోని రీడ్‌మీ: సీమేక్, నింజా, పైథాన్ 3, సీ++ కంపైలర్ కావాలి. జీలిబ్‌సీ 2.17 ఉన్నా సరిపోతుంది.

విండోస్ దగ్గరకొస్తే, విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్ తప్పనిసరి అని ఒక పేజీ, అవసరమైతేనే పెట్టుకోండి అని ఇంకో పేజీ. ఎప్పుడు అవసరమో రెండింట్లోనూ లేదు.

నేను పని చేయాల్సిన మెషిన్‌లో ఉబుంటు 18.04 ఉంది. దాన్ని అప్‌గ్రేడ్ చేసే అధికారం నాకు లేదు. సొంత ల్యాప్‌టాప్‌లో విండోస్. అన్నీ అధికారిక పేజీలే, ఒకదానికొకటి పొసగవు. ఇలాంటప్పుడు మీరైతే దేన్ని పట్టుకుని ముందుకెళ్తారు?

#2 కంపైలర్‌గూడు

ముందుగా రీడ్‌మీని పక్కన పెట్టండి. అది మీకోసం రాసింది కాదు, ఆ కంపైలర్‌ని సోర్స్ (మూల కోడ్) నుంచి బిల్డ్ చేసేవాళ్ల కోసం రాసింది. సీమేక్, నింజా అనే బిల్డ్ టూల్స్ పేర్లు కనిపించాయంటే దాదాపుగా అది సోర్స్ బిల్డ్ సంగతే. రిపాజిటరీలోకి వచ్చేవాళ్లంతా కంపైలర్ మీద పనిచేసేవాళ్లే అనుకుని రాస్తారు. కానీ వెతికితే మొదట కనబడేది రిపాజిటరీయే కాబట్టి కొత్తవాళ్లు కూడా అక్కడికే వస్తారు.

గో భాషని చూడండి. 2015లో వచ్చిన 1.5 నుంచి గో కంపైలర్‌ని గోలోనే రాస్తున్నారు. అంటే సోర్స్ నుంచి బిల్డ్ చేయాలంటే మెషిన్‌లో అప్పటికే ఒక గో ఉండాలి. 1.20కి 1.17 కావాలి, 1.22కి 1.20 కావాలి, 1.24కి 1.22 కావాలి. ఆ ఒక్క పేజీ చదివిన మనిషికి "గో పెట్టుకోవాలంటే ముందు గో పెట్టుకోవాలి" అని అర్థమవుతుంది. మామూలుగా వాడుకునేవాళ్లకి ఇదేదీ అక్కర్లేదు. ఆర్కైవ్ విప్పుకుంటే అయిపోతుంది.

నేనైతే "అవసరాలు" అన్న శీర్షిక ఎక్కడ కనబడినా, ఏ పనికి అని అడుగుతాను. భాషని తయారుచేయడానికా, దాన్ని నా మెషిన్‌లో నడపడానికా, దానితో నా ప్రోగ్రామ్ బిల్డ్ చేసుకోవడానికా, ఆ ప్రోగ్రామ్‌ని వేరే మెషిన్‌లో నడపడానికా? నాలుగింటికీ జవాబులు వేరు. మీ మూడు పేజీలూ అబద్ధం చెప్పడం లేదు. దేని గురించి మాట్లాడుతున్నాయో చెప్పలేదు, అంతే.

#3 పాతసర్వర్

కంపైలర్‌గూడు గారు చెప్పింది సరైనదే. జీలిబ్‌సీ దగ్గర ఇంకొంచెం వివరం కావాలి, ఎందుకంటే మీ మెషిన్ సరిగ్గా గీత మీద ఉంది.

ఉబుంటు 18.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.27. ఆ ఉబుంటు వచ్చింది 2018 ఏప్రిల్‌లో, జీలిబ్‌సీ 2.28 వచ్చింది అదే ఏడాది ఆగస్టులో. కాబట్టి డౌన్‌లోడ్ పేజీలోని ఆర్కైవ్ మీ దగ్గర చక్కగా విప్పుకుంటుంది గానీ నడవదు. నడపగానే "జీలిబ్‌సీ_2.28 నాట్ ఫౌండ్" అని వస్తుంది.

మరి రీడ్‌మీలో 2.17 అని ఎలా రాశారు? అదీ నిజమే. జీలిబ్‌సీలో ఒక్కో ఫంక్షన్‌కి వెర్షన్ ముద్ర ఉంటుంది. కొత్త జీలిబ్‌సీ ఉన్న మెషిన్‌లో బిల్డ్ చేస్తే, ఆ బైనరీ (నడపడానికి సిద్ధంగా ఉన్న ఫైల్) కొత్త ముద్రలున్న ఫంక్షన్లనే వెతుక్కుంటుంది. పాత మెషిన్‌లో అవి ఉండవు. తిరగేస్తే మాత్రం ఇబ్బంది లేదు, పాత జీలిబ్‌సీ మీద బిల్డ్ చేసినది కొత్తదాంట్లో నడుస్తుంది. మీ భాష సోర్స్‌కి 2.17లో ఉన్న ఫంక్షన్లు చాలు. కానీ వాళ్లు బైనరీ తయారుచేసే మెషిన్‌లో 2.28 ఉంది. అందుకే రెండు అంకెలు.

నోడ్ (జావాస్క్రిప్ట్‌ని బ్రౌజర్ బయట నడిపే టూల్) విషయంలో ఇదే జరిగింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన నోడ్ 18 నుంచి లినక్స్ బైనరీలకి 2.28 కనీస వెర్షన్ అయింది. సెంటాస్ 7లో ఉన్నది 2.17, ఉబుంటు 18.04లో 2.27. రెండింట్లోనూ ఒకేసారి ఆగిపోయింది. రస్ట్ 2022లోనే 1.64తో కనీస వెర్షన్ పెంచింది, అయితే 2.17 దగ్గర ఆగింది. పెంచే ముందు ప్రత్యేకంగా ప్రకటించింది కూడా. ప్లాట్‌ఫామ్‌ల పేజీలో ఒక్కో టార్గెట్ పక్కన కనీస కెర్నల్, కనీస జీలిబ్‌సీ రాసి ఉంటాయి. ఎవరైనా డాక్యుమెంటేషన్ రాస్తుంటే ఆ పేజీని నమూనాగా పెట్టుకోండి.

మీ ముందున్న దారులు: ఆ భాష పాత రిలీజ్ ఏదైనా 2.27 మీద నడుస్తుందేమో చూడటం, సోర్స్ నుంచి బిల్డ్ చేయడం, లేదా కంటైనర్‌లో (వేరే లినక్స్ లైబ్రరీలతో విడిగా నడిచే పెట్టెలాంటిది) వాడటం. కంటైనర్ ఎంచుకుంటే ఒక జాగ్రత్త. కొత్త ఉబుంటు ఇమేజ్‌లో బిల్డ్ చేసిన మీ ప్రోగ్రామ్‌ని బయటికి తెచ్చి 18.04లో నడపబోతే మళ్లీ అదే ఎర్రర్ రావచ్చు. నడిపేది కూడా కంటైనర్‌లోనే అయితే ఫరవాలేదు.

జీలిబ్‌సీని మాత్రం మీరుగా మార్చకండి. మెషిన్‌లో ఉన్న దాదాపు ప్రతి ప్రోగ్రామూ దాని మీదే ఆధారపడి ఉంటుంది. అది చెడితే లాగిన్ కూడా కాలేరు.

#4 సున్నానుంచి

పాతసర్వర్ గారూ, చాలా థాంక్స్ అండి. జీలిబ్‌సీ వెర్షన్ చూపించే ఎల్‌డీడీ కమాండ్ కొట్టి చూశాను, మీరన్నట్టే 2.27. ఇంతకీ "మొదటి అడుగులు" పేజీలో ఏమీ అక్కర్లేదని రాసినవాళ్లు కనీసం డౌన్‌లోడ్ పేజీకి ఒక లింకైనా ఇచ్చి ఉండొచ్చు కదా? ఆ ఒక్క వాక్యం నమ్మే నేను మొదలుపెట్టింది.

విండోస్ సంగతి ఎవరైనా చెప్పగలరా?

#5 చివరిలింక్

విండోస్‌లో తేడా లింకర్ దగ్గర వస్తుంది. మీది ఏ భాషో తెలియదు కాబట్టి రస్ట్‌తో చెబుతాను, చాలా కంపైల్డ్ భాషలకి ఇదే వర్తిస్తుంది.

రస్ట్ కంపైలర్ మీ కోడ్‌ని ఆబ్జెక్ట్ ఫైళ్లుగా మారుస్తుంది. వాటిని కలిపి ఒక ప్రోగ్రామ్‌గా చేసే పని లింకర్‌ది. విండోస్‌లో డిఫాల్ట్ టూల్‌చెయిన్ (కంపైలర్, లింకర్ వగైరాల సెట్) మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎంఎస్‌వీసీ. దానికి మైక్రోసాఫ్ట్ లింకర్, విండోస్ ఎస్‌డీకే కావాలి, అవి విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్‌తో వస్తాయి. అందుకే "తప్పనిసరి". గ్నూ టూల్‌చెయిన్ ఎంచుకున్నవాళ్లకి విజువల్ స్టూడియో అక్కర్లేదు. అందుకే "అవసరమైతేనే". మీ రెండు పేజీలు రెండు టూల్‌చెయిన్ల గురించి రాసి, ఆ సంగతి చెప్పడం మరిచిపోయి ఉంటాయి.

లినక్స్‌లోనూ ఇదే కథ. రస్ట్ చక్కగా ఇన్‌స్టాల్ అవుతుంది, వెర్షన్ అడిగితే చెబుతుంది, మొదటి ప్రోగ్రామ్ బిల్డ్ చేయగానే "లింకర్ సీసీ నాట్ ఫౌండ్" అంటుంది. కొత్తవాళ్లకి ఇది అన్యాయంగా అనిపిస్తుంది. రస్ట్ పెట్టుకుంటే సీ కంపైలర్ ఎందుకు అడుగుతోంది అని. సీ కంపైలర్ అవసరం అక్కడ సీ కోడ్ కోసం కాదు, లింకర్‌ని సరైన లైబ్రరీలతో పిలవడం కోసం. ఇన్‌స్టాల్ అవడానికి ఏమీ అక్కర్లేదు, వాడటానికి కావాలి. "మొదటి అడుగులు" పేజీలు ఈ రెండింటి మధ్యే తడబడతాయి.

#6 ఎర్రగీత

పై జవాబులన్నీ విలువైనవే, కాదనను. కానీ ఒక మాట సూటిగా చెప్పాలి. మొదటి రోజున ఉన్న మనిషి జీలిబ్‌సీ వెర్షన్ ముద్రలు, లింకర్, టూల్‌చెయిన్ అన్నీ నేర్చుకుంటే గానీ మూడు పేజీలు అర్థం కాలేదంటే తప్పు చదివేవాళ్లది కాదు. "మూడూ నిజమే" అనడం తెలిసినవాళ్లకి తృప్తినిస్తుంది. సున్నానుంచి గారికి ఆ నిజాలతో ఏం పని? ఆయన మెషిన్‌లో నడుస్తుందా లేదా అన్నది కావాలి.

ఇన్‌స్టాలేషన్ పేజీ అంటే చాలామంది ఆ భాషని మొదటిసారి కలిసే చోటు. అక్కడ ఓడిపోయినవాళ్లు ఫిర్యాదు కూడా రాయరు, వెళ్లిపోతారు. అందుకే ఆ పేజీ ఎంత చెడ్డగా ఉందో రాసినవాళ్లకి ఎప్పటికీ తెలియదు. భాష ఫీచర్ల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా ఈ పేజీ మీద పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

#7 డాక్‌పని

ఎర్రగీత గారి మాటతో ఏకీభవిస్తూనే, లోపలి వైపు నుంచి చెబుతాను. నేనొక చిన్న లైబ్రరీ డాక్యుమెంటేషన్ చూసుకుంటాను.

కనీస వెర్షన్ అనే అంకె ఒక్కచోట ఉండదు. రీడ్‌మీలో ఉంటుంది, ఇన్‌స్టాలేషన్ పేజీలో ఉంటుంది, ప్యాకేజీ మెటాడేటాలో, సీఐ (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, టెస్టులు వాటంతట అవే నడిచే ఏర్పాటు) కాన్ఫిగరేషన్‌లో, కంటైనర్ ఫైల్‌లో ఉంటుంది. కోడ్ రాసేవాళ్లు పాత వెర్షన్ మద్దతు తీసేసినప్పుడు సీఐలో, మెటాడేటాలో మారుస్తారు, ఎందుకంటే మార్చకపోతే బిల్డ్ ఆగిపోతుంది. రీడ్‌మీ మార్చకపోతే ఏదీ ఆగదు. కాబట్టి అది అలాగే ఉండిపోతుంది.

పేజీలు పొసగనప్పుడు నేను చేసేది ఇది: సీఐ ఫైల్ తెరిచి, ఏయే వెర్షన్ల మీద టెస్టులు నడుస్తున్నాయో చూస్తాను. ఈ ప్రాజెక్టు రోజూ నిజంగా దేని మీద నడుస్తోందో అక్కడ తెలుస్తుంది. ఆ తర్వాత మెటాడేటా. పేజీల్లోని వాక్యాలు చివర.

మెటాడేటాలో కూడా చూడ్డానికి ఒకేలా ఉండే గడులకి ఒకే బలం ఉండదు, ఇది చాలామందికి తెలియదు. నోడ్ ప్యాకేజీలో "ఇంజిన్స్" అని వెర్షన్ రాస్తే ఆ ప్యాకేజీలు పెట్టే టూల్ ఎన్‌పీఎం మామూలుగా హెచ్చరించి ముందుకెళ్లిపోతుంది, కఠినంగా ఉండమని విడిగా సెట్ చేస్తేనే ఆపుతుంది. పైథాన్‌లో "రిక్వైర్స్ పైథాన్" రాస్తే పైథాన్ ప్యాకేజీలు పెట్టే టూల్ పిప్ 9 నుంచి, అంటే 2016 నుంచి, మీ పైథాన్‌కి సరిపడే పాత రిలీజ్‌ని వెతికి పెడుతుంది. రస్ట్ ప్యాకేజీ టూల్ కార్గోలో "రస్ట్ వెర్షన్" గడి 1.56తో వచ్చింది, కంపైలర్ పాతదైతే ఎర్రర్ ఇస్తుంది. గో అయితే మధ్యలో అర్థమే మార్చుకుంది. గో డాట్ మాడ్ ఫైల్‌లో ఉండే గో వెర్షన్ వరస 1.21 ముందు వరకు సూచన మాత్రమే, 1.21 నుంచి అది కచ్చితమైన కనీస వెర్షన్. అదే ఫైల్, అదే వరస. అది సూచనా షరతా అన్నది చదివేవాళ్ల దగ్గర ఏ గో ఉందన్నదాన్ని బట్టి మారిపోయింది.

#8 పిప్‌పక్షం

పైథాన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి. అవసరం లేనిది కూడా అవసరంలా కనబడే సందర్భం ఒకటుంది, సున్నానుంచి గారు ముందు ముందు దీన్ని తప్పక చూస్తారు.

పైథాన్‌లో క్రిప్టోగ్రఫీ అనే ప్యాకేజీ ఉంది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన 3.4 నుంచి దాన్ని సోర్స్ నుంచి బిల్డ్ చేయాలంటే రస్ట్ కావాలి. రెడీమేడ్ వీల్ (ముందే బిల్డ్ చేసిన ప్యాకేజీ ఫైల్) దొరికితే రస్ట్ అక్కర్లేదు. కానీ పాత పిప్‌కి కొత్త రకం వీల్ ఫైళ్లు గుర్తుపట్టడం రాదు. అది మారుమాట లేకుండా సోర్స్ దించుకుని బిల్డ్ మొదలుపెట్టేది, రస్ట్ లేదని ఆగిపోయేది. ఎర్రర్ చూసినవాళ్లు రస్ట్ ఇన్‌స్టాల్ చేయడానికి పరిగెత్తారు. చేయాల్సింది పిప్‌ని అప్‌గ్రేడ్ చేయడం. ఆల్పైన్ అనే లినక్స్ వాడేవాళ్ల సంగతి వేరు. అందులో ఉండేది మసల్ అనే వేరే సీ లైబ్రరీ, జీలిబ్‌సీ కాదు. అప్పటికి మసల్ వీల్స్‌కి ప్రమాణమే లేదు కాబట్టి వాళ్లకి రస్ట్ నిజంగానే కావాల్సి వచ్చింది.

అంటే ఒకే ప్యాకేజీ, ఒకే వెర్షన్, ఇద్దరికి రెండు షరతులు. ఎర్రర్‌లో ఒక టూల్ పేరు కనబడగానే దాన్ని ఇన్‌స్టాల్ చేయకండి. నేను సోర్స్ బిల్డ్‌లోకి ఎలా వచ్చాను అని ముందు చూడండి.

ఇంకొకటి. డాక్యుమెంటేషన్ "పిప్ ఇన్‌స్టాల్" కొట్టమంటుంది, డెబియన్ 12లో, ఉబుంటు 23.04 నుంచి కొత్తవాటిలో అలా కొడితే "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని నిరాకరిస్తుంది. పెప్ 668 అనే పైథాన్ ప్రమాణం ప్రకారం సిస్టమ్ పైథాన్‌ని కాపాడటానికి పెట్టిన అడ్డు అది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్‌ది ముట్టుకోకుండా ప్రాజెక్టుకి విడిగా ఉండే పైథాన్) చేసుకోవాలి. అది పైథాన్‌తోనే వస్తుందని పైథాన్ పేజీలు చెబుతాయి. డెబియన్‌లో మాత్రం దానికి విడి ప్యాకేజీ. భాష రాసినవాళ్లు ఒకటి ఇస్తారు, డిస్ట్రిబ్యూషన్ వాళ్లు దాన్ని విడగొట్టి ఇస్తారు, డాక్యుమెంటేషన్ మొదటివాళ్లది మాత్రమే. అడ్డుని దాటించే ఆప్షన్ ఒకటుంది, దాని పేరులోనే సిస్టమ్ ప్యాకేజీలు విరగ్గొట్టు అని ఉంది. వాడకండి.

#9 తరగతిగది

నేను బోధిస్తాను, కాబట్టి ఈ పేజీలతో రోజూ పని. నా అభ్యంతరం "ఆపై వెర్షన్" అన్న మాట మీద.

"పైథాన్ 3.6 లేదా ఆపై" అని రాసిన రోజున 3.12 పుట్టలేదు. పుట్టని వెర్షన్ తరఫున రాసినవాళ్లు మాటిచ్చేశారు. 2023లో 3.12 వచ్చి డిస్ట్‌యుటిల్స్ అనే పాత ప్యాకేజింగ్ మాడ్యూల్‌ని తీసేసింది, దాని మీద ఆధారపడిన పాత ప్యాకేజీలు ఇన్‌స్టాల్ దశలోనే ఆగిపోయాయి. పేజీలో షరతు ఇప్పటికీ అక్షరాలా నెరవేరుతోంది! విద్యార్థి తప్పు చేయలేదు, పేజీ చెప్పినట్టే చేశాడు, పనిచేయలేదు. వాళ్లు ఆ క్షణంలో తమనే అనుమానించుకుంటారు. "నాకు రాదు" అని తేల్చేసుకుంటారు. నాకు బాధ కలిగించేది అదే.

"3.6 నుంచి 3.11 వరకు పరీక్షించాం, ఆ పైవి ఇంకా చూడలేదు" అని రాయడానికి ఏం అడ్డు?

#10 కంపైలర్‌గూడు

తరగతిగది గారూ, పై హద్దు కచ్చితంగా పెట్టినా చిక్కే. లైబ్రరీ మెటాడేటాలో "3.11 దాకా మాత్రమే" అని రాస్తే, 3.12లో చక్కగా పనిచేసేది కూడా ఇన్‌స్టాల్ కాదు. పైగా పిప్ పాత రిలీజ్‌లు వెతుక్కుంటూ వెనక్కి వెళ్లి, హద్దు రాయని ఏదో పురాతన వెర్షన్‌ని పట్టుకుంటుంది. పేజీలో "ఇంతవరకు పరీక్షించాం" అని రాయడం మంచిదే. మెషిన్ చదివే గడిలో అడ్డు వేయడం వేరే పని. రెండూ కలపొద్దు.

#11 తరగతిగది

ఒప్పుకుంటాను. నేనడిగింది పేజీలో వాక్యం గురించే.

#12 జావాజాడ

జావాలో కూడా ఇంతే. లైబ్రరీ పేజీలో "జావా 8 చాలు" అని ఉంటుంది, ప్రాజెక్టు దించుకుని బిల్డ్ చేస్తే 17 అడుగుతుంది. ఆండ్రాయిడ్ యాప్‌లు బిల్డ్ చేసే గ్రేడిల్ ప్లగిన్ 8.0 నడవడానికే జావా 17 కావాలి, మీ కోడ్ టార్గెట్ ఎంత పాతదైనా సరే. బిల్డ్ టూల్ నడిచే జావా వేరు, కోడ్ కోసం ఎంచుకునే జావా వేరు. పాత పేజీల్లో "1.8" అని కనబడితే అది 8వ వెర్షనే, కంగారు పడకండి.

#13 సున్నానుంచి

అందరి జవాబులూ చదివాక పని ముందుకు కదిలింది. పాతసర్వర్ గారు చెప్పినట్టు పాత రిలీజ్ పేజీలు చూస్తే, ఇప్పటిదానికి ముందు వచ్చిన ఒక రిలీజ్ 2.17 మీద బిల్డ్ చేసిందని తేలింది. అది 18.04లో నడుస్తోంది. విండోస్‌లో బిల్డ్ టూల్స్ పెట్టుకున్నాను, అదీ బాగుంది. డాక్‌పని గారు అన్నట్టు సీఐ ఫైల్ తెరిచాను. లినక్స్ బైనరీ తయారయ్యే ఇమేజ్ ఎప్పుడు మారిందో అక్కడి చరిత్రలో ఉంది, డౌన్‌లోడ్ పేజీలో 2.28 అన్న మాట అప్పుడే చేరింది. మిగతా రెండు పేజీలు అప్పటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదు.

ఆ పేజీలకి సవరణ పంపుదామనుకుంటున్నాను. "మొదటి అడుగులు" పేజీ కోసం రాసింది ఇది, చూసి చెప్పండి:

"రెడీమేడ్ బైనరీ నడవాలంటే లినక్స్‌లో జీలిబ్‌సీ 2.28 లేదా ఆపైది ఉండాలి. ఉబుంటు 18.04, సెంటాస్ 7లో ఇది నడవదు. ప్రోగ్రామ్‌లు బిల్డ్ చేయడానికి లింకర్ కూడా కావాలి: లినక్స్‌లో సీ కంపైలర్, విండోస్‌లో డిఫాల్ట్ టూల్‌చెయిన్‌కి విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్. సీమేక్, నింజా, పైథాన్ అవసరం కంపైలర్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేసేవాళ్లకే."

#14 ఎర్రగీత

చాలా బాగుంది. ఏది నడవదో డిస్ట్రిబ్యూషన్ పేరుతో చెప్పడం నాకు అన్నింటికంటే నచ్చింది. తన జీలిబ్‌సీ వెర్షన్ తెలియనివాళ్లకి కూడా తన ఉబుంటు వెర్షన్ తెలుసు. ఒక్కటి చేర్చండి: నడవనివాళ్లు ఏం చేయాలో, పాత రిలీజ్ పేజీకి లింకుతో. లేకపోతే తలుపు మూసి వెళ్లిపోయినట్టుంటుంది.

#15 డాక్‌పని

రెండు చిన్న సూచనలు. ఈ షరతులు ఏ రిలీజ్‌కి వర్తిస్తాయో మొదటి వాక్యంలోనే రాయండి, లేకపోతే వచ్చే ఏడాది మీ వాక్యమే పాతబడిన వాక్యం అవుతుంది. రీడ్‌మీలో అంకెలు మళ్లీ రాయకుండా, పైన "ఇది సోర్స్ బిల్డ్ కోసం" అని ఒక వరస పెట్టి, వాడుకునేవాళ్లని ఈ పేజీకి పంపండి. అంకె ఒక్కచోటే ఉంటే మార్చేవాళ్లకి సులువు.

ఇంకో మాట. సవరణ పంపేటప్పుడు ఎక్కడ గందరగోళపడ్డారో రెండు వాక్యాల్లో రాయండి. "ఇది తప్పు" అన్నదానికంటే "ఇది చదివి నేను ఇలా అర్థం చేసుకున్నాను" అన్నది మా లాంటివాళ్లకి ఎక్కువ ఉపయోగం. కొత్తగా వచ్చిన మనిషి ఎలా చదువుతాడో మాకు ఇక కనబడదు.

#16 సున్నానుంచి

రెండూ చేర్చి పంపించాను. పాత రిలీజ్ లింకు, రిలీజ్ నంబర్, రీడ్‌మీ పైన ఒక వరస, అన్నీ ఉన్నాయి. ప్లాట్‌ఫామ్ పట్టికలో ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న విండోస్ గడి మాత్రం ఖాళీగా వదిలేశాను, నా దగ్గర అలాంటి మెషిన్ లేదు. ఎవరి దగ్గరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఏ భాషో చెబుతాను. డిఫాల్ట్ టూల్‌చెయిన్‌తో ఒక చిన్న ప్రోగ్రామ్ బిల్డ్ అయి నడుస్తుందో లేదో చూసి చెబితే ఆ గడి కూడా నింపేస్తాను.

#17 చివరిలింక్

నా దగ్గర ఉంది. మెసేజ్ పెట్టాను. బిల్డ్ టూల్స్ లేకుండా ఒకసారి, ఆర్మ్ భాగాలతో పెట్టుకుని ఒకసారి ప్రయత్నించి, రెండు ఫలితాలూ ఇక్కడే రాస్తాను.